బరంపురం ఆగస్టు లెక్కల్లో తేదీల తికమక

సంపాదకులకు నమస్కారం.

పాత ఆగస్టు వానల పట్టికలు వేసేటప్పుడు ఒక్క ముక్క చేర్చండి. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి మొదలవుతుంది. 17వ తేదీ ఎదురుగా ఉన్నది 16 ఉదయం 8.30 నుంచి 17 ఉదయం 8.30 దాకా పడిన వాన. అంటే 16 సాయంత్రం దంచికొట్టింది 17 ఖాతాలోకి వెళ్తుంది. పోనీ అన్నీ ఒక రోజు వెనక్కి జరుపుదామా అంటే అదీ తప్పే, తెల్లవారుజామున పడింది ఆ తేదీదే కదా! 2.5 మి.మీ. కన్నా తక్కువైతే అది లెక్కకు వానరోజే కాదు.

దగ్గర్లోని తీర పట్టణం గోపాలపూర్ గరిష్ఠ ఉష్ణోగ్రతను బరంపురానికి అంటగట్టకండి. అక్కడ సముద్రపు గాలి పగటి వేడిని తగ్గిస్తుంది.

ఇక పగటి వెలుగు. బరంపురంలో ఆగస్టు 1న సూర్యోదయం సుమారు 5.27కి, అస్తమయం 6.27కి. 31న 5.36, 6.07. తగ్గిన అరగంటలో 20 నిమిషాలు సాయంత్రానివే. అందుకే పొద్దు గబుక్కున కుంగినట్టుంటుంది. హైదరాబాద్ పంచాంగం చూసి శ్రావణ పూజలకు కూర్చునేవారికి మరో మాట: ఇక్కడ సూర్యోదయం పాతిక నిమిషాలకు పైగా ముందే అయిపోతుంది.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా