చెనిక్కాయ పొట్టు, దానిమ్మ తొక్క కాల్చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మేం అనంతపురం పాతూరులో చెనిక్కాయ చిక్కీలు, వేయించిన పప్పు, కారం బొరుగులు చేసి అమ్ముకునేవాళ్లం. ప్లాస్టిక్ కవర్ల మీద ఎప్పుడు చర్చ వచ్చినా మాలాంటి చిన్న దుకాణాల వాళ్లను అడిగేవాళ్లు ఉండరు. అందుకే నేనే రాస్తున్నాను. మేం పొయ్యిలో వేసే చెనిక్కాయ (వేరుశనగ) పొట్టుతో, దానిమ్మ తొక్కతో ప్లాస్టిక్ కవరుకు బదులు వాడే పొర చేసి చూడాలన్నది నా కోరిక.

పోయిన ఎండాకాలం గుంతకల్లు నుంచి ఒక పెద్దాయన రెండు చిక్కీ ప్యాకెట్లు వెనక్కి పట్టుకొచ్చారు. 'వాసన చూడమ్మా' అని నా చేతికిచ్చారు. కవరు చింపగానే ముక్కిన వాసన గుప్పుమంది. చేసి నెల కూడా కాలేదు. డబ్బులు వెనక్కి ఇచ్చాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెనిక్కాయ పప్పులో దాదాపు సగం నూనే. ఎండ, వెలుతురు, గాలి తగిలితే ఆ నూనె చెడుతుంది. మేం వాడే పలచని కవరు చూడ్డానికి గట్టిగా మూసినట్టే ఉంటుంది, కానీ గాలి దాన్లోంచి కొంచెం కొంచెంగా దూరుతూనే ఉంటుంది. ఇక వెలుతురుకు అడ్డమే లేదు. అంటే తిన్నాక వందల ఏళ్లు మట్టిలో పడి ఉండే ఆ కవరు, తినేదాకా పప్పును కాపాడే పని మాత్రం సరిగ్గా చేయడం లేదు.

పొట్టుతో ఉన్న పప్పు ఇంత తొందరగా ముక్కిపోదు. మా అత్తమ్మ చెప్పేది, పొట్టు ఊదేసిన పప్పు నిలవ పెట్టొద్దే అని. కారణం నాకు తర్వాత తెలిసింది. నోట్లో వేసుకుంటే వగరుగా ఉండే ఆ ఎర్ర పొట్టులో పాలీఫినాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లు బాగా ఉంటాయి. నూనె చెడటం ఒకచోట మొదలై, ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూ పోతుంది. ఈ పదార్థాలు ఆ వరసను మధ్యలో తెంపేస్తాయి. దానిమ్మ తొక్క వగరు కూడా ఇలాంటిదే. చీనీ (బత్తాయి) తొక్కలో, కర్నూలు మార్కెట్ యార్డులో కుప్పలు పడే ఉల్లి పొరల్లో, కడప పసుపులో కూడా ఇలాంటి గుణమున్నవి ఉన్నాయి.

వీటి సారం తీసి, మొక్కజొన్న పిండి గంజిలోనో, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌లోనో కలిపి, పలచగా పోసి ఆరబెడితే కవరులా చుట్టుకునే పొర వస్తుంది. విరక్కుండా కొంచెం గ్లిజరిన్ వేస్తారు. చాలా దేశాల్లో, మన దేశంలో కూడా దీని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. సారం కలిసిన పొర కొంచెం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగు వెలుతురును కూడా కొంత ఆపుతుంది. చిక్కీకి, వేయించిన పప్పుకు, పొడులకు ఇంతకంటే ఏం కావాలి?

అన్నిటికీ ఇది పనికిరాదు, ఆ మాట కూడా చెప్పాలి. గంజి పొర తడికి మెత్తబడుతుంది. సాంబారు పార్సిల్‌కు, వేడి ఉగ్గానికి దాన్ని నమ్ముకోలేం. వాటికి అరిటాకు, విస్తరాకు ఉండనే ఉన్నాయి, స్టీలు క్యారియర్ ఉంది. బజ్జీలు న్యూస్ పేపర్లో చుట్టడం మాత్రం ఆపాలి. వేడి నూనెకు అచ్చు సిరా తిండిలోకి దిగుతుంది, 2018 ఆహార ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అది నిషేధం కూడా.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది 'బయో' అన్న మాట. రెండేళ్ల కిందట ఒక వ్యాపారి ఆకు బొమ్మ ఉన్న పచ్చ కవర్లు తెచ్చి, మట్టిలో కలిసిపోతాయమ్మా అని కిలోకు ఎక్కువ తీసుకుని అమ్మాడు. మా పెరట్లో వేపచెట్టు కింద రెండు కవర్లు పూడ్చి, పక్కన ఇటుక పెట్టి గుర్తు పెట్టుకున్నాను. వానాకాలం దాటాక తవ్వితే అంచులు పొడిపొడిగా రాలాయి గానీ, కలిసింది లేదు. పచ్చ ముక్కలు మట్టి నిండా ఉన్నాయి, ఏరితే దోసెడైనాయి. ఆ రోజు నేను మోసపోయానని కాదు, ఆ కవర్లలో సరుకు కొన్నవాళ్లకు నేనూ అదే మాట చెప్పానే అని బాధపడ్డాను.

కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్ అని అమ్మాలంటే ఐఎస్ 17088 అనే భారత ప్రమాణం పాటించాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. పైగా ఆ ప్రమాణం ప్రకారం చేసే పరీక్ష 58 డిగ్రీల వేడిలో, తగినంత తడిలో జరుగుతుంది. మన అనంతపురం నేలలో ఆ తడి ఏడాదిలో ఎన్నాళ్లుంటుంది? మన ఎండిన మట్టిలో, మన చెత్త దిబ్బలో ఏది ఎన్నాళ్లకు కలుస్తుందో ఇక్కడే చూసి చెప్పాలి.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్వీటు డబ్బాలకు చుట్టే పొరలు దేశమంతటా నిషేధం. చిక్కీ ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు. లేవు కదా అని ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. మా వీధిలో ఆవులు ఆ కవర్లను నములుతుంటే రోజూ చూస్తున్నాను.

నేను అడిగేది పెద్ద ఫ్యాక్టరీ కాదు. మన ఊళ్లోనే జేఎన్‌టీయూకు చెందిన నూనెల పరిశోధన సంస్థ ఉంది. చెనిక్కాయ పండే సీమలో, ముక్కిపోయే నూనె గురించి చదువుకున్నవాళ్లు పక్కనే ఉన్నారు. పొట్టుతో, దానిమ్మ తొక్కతో ఒక పొర చేసి, మా చిక్కీని అందులో పెట్టి, ఏప్రిల్, మే ఎండలు దాటిస్తే ఎలా ఉందో చూడమని వాళ్లను కోరుతున్నాను. దానికి కావలసిన నిధులు ప్రభుత్వం ఇవ్వాలి. దానిమ్మకు మచ్చ తెగులు కోసం కొట్టే మందులు తొక్కలో మిగిలాయేమో, బూజు పట్టిన కాయల పొట్టులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందేమో ముందు పరీక్షించాలి. చెనిక్కాయ పడనివాళ్లు ఉంటారు, కాబట్టి పొట్టు కలిపితే ప్యాకెట్ మీద ఆ సంగతి తెలుగులో రాయాలి. ధర ఎక్కువైతే మొదట్లో కొంత సబ్సిడీ కావాలి, లేకపోతే మాలాంటివాళ్లం మళ్లీ పాత కవరుకే పోతాం.

మా దగ్గర పప్పు వేయించిన రోజు గోనెసంచి నిండా పొట్టు వస్తుంది. ఇప్పుడు పొయ్యిలోకే పోతోంది. పరిశోధనకు కావాలంటే ఉచితంగా ఇస్తాం. ఏ ఊరి కాయో, ఏ రోజు వేయించామో చీటీ రాసి సంచికి కట్టి మరీ ఇస్తాం.

ఇట్లు,
చిక్కీ దుకాణం నడుపుకునే ఒక పాఠకురాలు,
పాతూరు, అనంతపురం