పూత రాకముందే పీకించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది విజయవాడ పాయకాపురం. పోయినేడు వినాయక చవితి ముందు రోజు మనవరాలిని వెంటబెట్టుకుని పత్రి కోసం వీధి చివరి ఖాళీ స్థలాల్లోకి వెళ్లాను. గరిక, ఉత్తరేణి, తుమ్మి, ఉమ్మెత్త ఏళ్ల తరబడి అక్కడే కోసుకునేవాళ్లం. ఆ రోజు గంటసేపు తిరిగినా గుప్పెడు గరిక దొరకలేదు. ఎటు చూసినా నడుమెత్తున ఒకటే మొక్క. క్యారెట్ ఆకులాంటి ఆకు, నూకలు చల్లినట్టు తెల్లటి పూలు. పాప కోయబోతే గబుక్కున చెయ్యి లాగేశాను. అది వయ్యారిభామ.

కాంగ్రెస్ గడ్డి అంటారు గానీ ఇది గడ్డి కాదు, చేమంతి కుటుంబం మొక్క. మన దేశంలో 1950ల్లో పుణె దగ్గర కనిపించింది. అమెరికా గోధుమలతో వచ్చిందని చెబుతారు. మొలిచిన నెలా నెలన్నరకే పూస్తుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క 10 వేలకు పైగా గింజలు రాలుస్తుంది. గాలికి, నీటికి, టైర్లకంటిన బురదకి అవి ఎంత దూరమైనా పోతాయి. 2024లో బుడమేరు వరద తీశాక మా దగ్గర మేట వేసిన ఒండ్రు మీద ముందుగా లేచింది ఇదే. దీనిలోని పార్థెనిన్ లాంటి రసాయనాలు నేలలోకి దిగి పక్కన వేరే విత్తనాన్ని సరిగా మొలవనివ్వవు. మా వీధికి పాలు పోసే ఆయన, ‘‘గేదెలు దాని జోలికే పోవమ్మా, గరిక కోసం రైలు కట్ట దాకా తోలుకెళ్తున్నా’’ అన్నాడు. మా వారికి మెడ మీద, మోచేతుల మీద దురద పట్టుకుంటే, చర్మం డాక్టరు గారు మొదట అడిగింది ఇంటి చుట్టూ ఈ మొక్క ఉందా అనే.

అధికారులు ఈ స్థలాలు శుభ్రం చేయించడం లేదని కాదు నా బాధ. చేయిస్తున్నారు, కానీ నిండా పూసి గింజ కట్టాక. మొదళ్లు నేలలోనే వదిలేసి పైపైన నరికి, పట్టా కూడా కప్పకుండా ట్రాక్టరులో తీసుకెళ్తారు. దారి పొడుగునా గింజ రాలుతుంది, మొదళ్లు వారం తిరక్కుండా చిగురిస్తాయి. పోయినసారి ఒకామె ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉత్త చేతులతో మోపులు ఎత్తింది. మణికట్టు దాకా ఎర్రటి దద్దుర్లు. చూసి ప్రాణం ఉసూరుమంది.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీని మీద అవగాహన వారం జరుపుతున్నారు. మంచిదే. కానీ అప్పటికి మా దగ్గర పూత వచ్చేస్తుంది. తొలకరి పడ్డ మూడు నాలుగు వారాలకే, నేల తడిగా ఉండగా, వేళ్లతో సహా పీకించాలి. పూత లేని మొక్కని కంపోస్టు కూడా చేసుకోవచ్చు. పీకిన చోట తంగేడు, తగిరిస గింజలు చల్లితే అవి దీన్ని అణిచిపెడతాయి. ఊళ్లో లేని స్థలాల యజమానులకు నోటీసులిచ్చి ఖర్చు వసూలు చేయాలి. పని చేసేవాళ్లకు గ్లౌజులు, మాస్కులు, ఫుల్ చేతుల చొక్కాలు ఇవ్వకుండా ఈ పనికి దింపొద్దని అధికారులను చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇప్పుడు మా వీధిలో మొక్కలు జానెడు ఉన్నాయి. మొన్న ఆదివారం మేం నలుగురం చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని ఒక స్థలం పీకాం. ఇంకా పదకొండు ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, పాయకాపురం, విజయవాడ