శిఖరానికి డబ్బిచ్చే ముందు కోర్సు చూడండి

సంపాదకులకు,

2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లు ముందు భువనగిరి బండ మీద, ఆ తర్వాత డార్జిలింగ్ హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారన్న సంగతి ఇప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోవడం లేదు. ట్రెక్కింగ్ సర్టిఫికెట్ ఒకటి చేతికి రాగానే శిఖరయాత్రకు స్పాన్సర్ల వేట మొదలవుతోంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే తొందర.

డార్జిలింగ్‌లోనైనా, ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా పర్వతారోహణ బేసిక్ కోర్సు 28 రోజులు. అందులో ‘ఎ’ గ్రేడ్ వస్తేనే పై స్థాయి అడ్వాన్స్ కోర్సుకు వెళ్లగలరు. బేసిక్ కోర్సుకు వెళ్లేలోపు 5 కిలోమీటర్లు అరగంటలో పరుగెత్తగలగాలి. వీపు మీద 8 కిలోలతో మొదలుపెట్టి 15 కిలోల దాకా పెంచుతూ మెట్లు ఎక్కాలి, అదే బరువుతో దిగాలి కూడా. తొడలు, మోకాళ్లు చేతులెత్తేసేది ఎక్కువగా దిగేటప్పుడే. కొత్త బూట్లతో నేరుగా వెళ్తే రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి.

రాపెలింగ్, అంటే తాడు మీద బండ దిగడం, చూడ్డానికి తేలిక. కానీ తాడు చివర ముడి వేయకపోతే, తాడు నేల దాకా అందలేదని తెలిసేలోపే మనిషి చివర దాటి జారిపోతాడు. డిసెండర్ (తాడు మీద దిగే వేగాన్ని అదుపు చేసే పరికరం) కింద 6 మి.మీ. సన్న తాడుతో ప్రూసిక్ అనే పట్టు ముడి చుట్టుకుంటే చెయ్యి వదిలేసినా తాడును పట్టేస్తుంది. అయితే ఆ లూప్ పొడవైతే డిసెండర్‌కు తగిలి ముడి బిగుసుకోదు, పట్టు రాదు. కట్టుకున్నాక, బరువు వేయకముందే, చేత్తో పైకి లాగి చూడాలి. జడ, చున్నీ, హెల్మెట్ పట్టీ చివర డిసెండర్‌లో ఇరుక్కుంటే సగం బండ మీద వేలాడాల్సిందే. కారబినర్ (తాడును, పరికరాలను కలిపే లోహపు కొక్కెం) స్క్రూ బిగించారో లేదో పక్కవాళ్లు కూడా వేలితో తడిమి చూడాలి.

మంచు వాలు మీద జారితే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) తల భుజం దగ్గర, కర్ర ఛాతీకి ఏటవాలుగా పట్టుకుని, బోర్లా తిరిగి బరువంతా దాని మొన మీద వేయాలి. బూట్లకు క్రాంపాన్లు (మంచులో పట్టు కోసం కట్టుకునే ఇనుప మొనలు) ఉంటే మోకాళ్లు మడిచి పాదాలు పైకెత్తాలి. ఒక్క మొన గుచ్చుకున్నా మనిషి పల్టీ కొడతాడు. తల కిందికి ఉండి జారినప్పుడు ఏం చేయాలో కూడా పదేపదే సాధన చేయాలి. దానికి కింద రాళ్లు, లోయ లేని వాలు ఎంచుకోవాలి, క్రాంపాన్లు విప్పేయాలి.

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పితో పాటు వికారం ఉంటే ఆ రోజు ఆగిపోవాలి. నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా రాత్రయినా సరే కిందికి దించాల్సిందే. గ్రేడ్ పోతుందన్న భయంతో పిల్లలు ఈ లక్షణాలు దాచిపెడతారు. తల్లిదండ్రులు, స్పాన్సర్లు వాళ్లకు ముందే గట్టిగా చెప్పాలి: చెప్పి దిగిపోతే ఎవరూ ఏమీ అనరని.

రెండు రాష్ట్రాల క్రీడాశాఖలకు మా విన్నపం ఒకటే. శిఖరయాత్రకు సాయం కోరేవాళ్లను మొదట బేసిక్ కోర్సు ‘ఎ’ గ్రేడ్ పత్రం అడగండి. అది లేని పేద పిల్లలకు కోర్సు ఫీజు, మంచి బూట్లు, రైలు ఛార్జీలు ఇచ్చి, ముందుగా రెండు వారాలు భువనగిరిలో తాడు పని నేర్పించండి. సీట్లు నెలల ముందే నిండిపోతాయి కనుక ఎంపిక ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

– పర్వతారోహణ శిక్షకులు, హైదరాబాద్