అలమర ఖాళీ చెయ్యకండి నాన్నా

నాన్నా,

నేను బాగున్నాను. ఆఫీసు పని ఎప్పటిలాగే నడుస్తోంది, చెప్పేందుకు కొత్తగా ఏమీ లేదు. అమ్మకి కొత్త మాత్రలు పడుతున్నాయా? తల తిరుగుతోందని మొన్న అంది. డాక్టరుకి మళ్ళీ చూపించారో లేదో మీరిద్దరూ సరిగ్గా చెప్పరు.

అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "అది ఇప్పుడు అన్నీ ఫోన్లోనే చదువుతోందట, ఈ పుస్తకాలు ఇంకెవరికోసం" అని అలమరలో ఉన్నవన్నీ ఎవరికో ఇచ్చేద్దామనుకుంటున్నారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే ఏడుస్తానేమోనని రాస్తున్నాను.

నాన్నా, నేను పుస్తకాలు వదిలెయ్యలేదు. ఇల్లు మారిన ప్రతిసారీ అట్టపెట్టెలు మోయడం నావల్ల కాలేదు. రైల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడితే రెండో చేతిలో పట్టేది ఫోనే. రాత్రి పక్క మంచం అమ్మాయి పడుకున్నాక లైటు వెయ్యలేను, తెర నల్లగా, అక్షరాలు తెల్లగా పెట్టుకుని చదువుకుంటాను. ఫోన్లో చదవడం మొదలుపెట్టకపోయుంటే ఇక్కడ నా చదువు ఎప్పుడో ఆగిపోయేది.

కళ్ళ గురించి మీ టెన్షన్ తెలుసు. తెర చూస్తున్నప్పుడు రెప్ప వెయ్యడం తగ్గుతుంది, కళ్ళు ఎండి మండేది ఎక్కువగా అందుకే. 20 నిమిషాలకోసారి తలెత్తి, 20 అడుగుల అవతల ఉన్నదేదైనా 20 సెకన్లు చూస్తున్నాను. నమ్మండి.

ఫోన్లో చదివింది బుర్రకెక్కదంటారు కదా, అందులో కొంత నిజం ఉంది. 2018లో 54 అధ్యయనాల ఫలితాలు కలిపి చూస్తే, విషయం నేర్చుకునే రచనలు కాగితం మీదే బాగా అర్థమయ్యాయి, టైము తక్కువున్నప్పుడు తేడా ఇంకా ఎక్కువ. కథల దగ్గర మాత్రం ఆ తేడా కనిపించలేదు. అందుకే నేను పరీక్షకి చదివేవి ప్రింటు తీసుకుంటాను, నవలలు ఫోన్లో చదువుతాను, అదీ మెసేజ్‌లు రాకుండా నెట్ ఆపేసి.

మీరు భూతద్దం పట్టుకుని చదువుతున్నారని తమ్ముడు చెప్పాడు. వాడి పాత టాబ్లెట్లో ఈపబ్ పుస్తకాలు వేసివ్వమంటాను. అక్షరం ఎంత పెద్దది చేసినా వరసలు వాటంతటవే సర్దుకుంటాయి. పీడీఎఫ్ వద్దు. పేజీ ఉన్నదున్నట్టే ఉంటుంది, పెద్దది చేసినప్పుడల్లా అటూ ఇటూ జరుపుకోవాలి. కానీ మన పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతున్నాయి. అవి ఫోటోలే, కావలసిన మాట వెతకబోతే దొరకదు. మెషీన్‌తో అక్షరాలుగా మార్చబోతే ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి. కొన్నిట్లో పేజీలే ఉండవు. అలా తప్ప ఇంకెలాగూ దొరకని పుస్తకాలు మన అలమరలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఇంకోటి. నేను డబ్బు పెట్టి కొన్న ఈబుక్ చాలావరకు నా అకౌంటులో చదువుకునే అనుమతి మాత్రమే. బాగుంది చదవండి నాన్నా అని మీ చేతిలో పెట్టలేను. పేజీ అంచుల్లో మీరు పెన్సిల్‌తో రాసిన ప్రశ్నలు ఏ ఈబుక్‌లోనూ రావు. నేను చదవడం నేర్చుకున్నదే వాటిని చూసి. మీరేం రాశారో చూద్దామని కథ వదిలేసి అంచులు వెతికేదాన్ని.

కాబట్టి ఒక్కటి కూడా ఇవ్వకండి. రెండు కాపీలున్నవి కావాలంటే ఇవ్వండి, అదీ మీ రాతలున్నవి కాకుండా. వెనక గోడకి చెమ్మ ఉంటే అలమర కాస్త ముందుకి జరపమని తమ్ముడికి చెప్పండి, మీరు జరపకండి, నడుము పట్టేస్తుంది. నేను వచ్చినప్పుడు దులిపి అట్టలు వేస్తాను.

తమ్ముడి ఇంటర్వ్యూ ఏమైంది? వాడు అడిగితే చెప్పడు. డాక్టరు సంగతి మాత్రం ఈసారి మీరే చెప్పండి, అమ్మని అడిగితే బాగానే ఉన్నానంటుంది.

మీ
చిట్టి