చదివేవాళ్లకు చూపించాకే బోర్డు ఎక్కించాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నెల్లూరులో 26 ఏళ్లుగా షాపుల బోర్డులు చేస్తున్నాను. మొదట్లో బ్రష్షు, ఎనామిల్ పెయింటు. ఇప్పుడు కోరల్‌డ్రా, ఫ్లెక్స్, యాక్రిలిక్. ఈమధ్య కాఫీ షాపుల వాళ్లు, నూడుల్స్ పాయింట్ల వాళ్లు చైనా అక్షరాల్లాంటి లోగో కావాలని అడుగుతున్నారు. నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెబితే ఈ పని చేసేవాళ్లకు, చేయించుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పోయిన ఏడాది ఒక కుర్రాడు మినీ బైపాస్ పక్కన కాఫీ షాపు పెడుతూ వచ్చాడు. "అన్నా, చైనా అక్షరాల మాదిరి ఉండాల. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూడాల" అన్నాడు. నెట్‌లో వెతికి కాఫీ అనే మాటకు రెండు అక్షరాలు దించుకున్నాను. కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మగా మార్చి, పెద్దవి చేస్తే ఒక్కోదానికి ఎడమ పక్కన చిన్న చదరపు డబ్బా కనిపించింది. ఫాంట్ లేని సిస్టంలో తెలుగు ఫైలు తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు పడతాయని డీటీపీ చేసే అందరికీ తెలుసు. ఇవీ అవే అనుకుని రెండూ డిలీట్ చేశాను. మిగిలినవి ఎర్ర యాక్రిలిక్‌లో కోయించి, వెనక ఎల్ఈడీ పెట్టి బిగించాం. ఓపెనింగ్ రోజు అందరూ బాగుందన్నారు.

రెండు నెలల తర్వాత, చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన ఒక అమ్మాయి ఆ బోర్డు చూసి, ఎవరు చేశారో కనుక్కుని మా షాపుకు వచ్చింది. "అంకుల్, మీరు తీసేసిన డబ్బా అంటే నోరు" అంది. కాఫీ చైనా వాళ్లకూ బయటి నుంచి వచ్చిన మాటే. 'కాఫేయ్' అంటారట. ఆ పలుకుకు దగ్గరగా ఉన్న రెండు అక్షరాలు తీసుకుని, ఒక్కోదాని పక్కన నోరు చేర్చి కొత్త మాట కట్టుకున్నారు. నోరు తీసేస్తే మొదటిదానికి 'చేర్చు' అని అర్థం, రెండోదానికి 'కాదు' అని. ఆ షాపు మీద రెండు నెలలుగా వెలిగినవి ఆ మాటలు.

మన కాఫీలో ఫ అడుగున ఉన్న చిన్న గీత ఎగిరిపోతే కాపీ అవుతుంది. అలాంటి బోర్డు ఎక్కడ కనబడినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అదే పని నేను ఇంకొకరి భాషకు చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి కుర్రాడికి విషయం చెప్పి, నా ఖర్చుతోనే బోర్డు దించాను.

ఆ అమ్మాయి మా టేబుల్ మీద బిల్లు కాగితం వెనక రాసి చూపించింది. నాలుగు వైపులున్న ఆ నోరు గుర్తును మూడే గీతల్లో రాస్తారు. ముందు ఎడమ నిలువు గీత, తర్వాత పైగీత, కుడిగీత చెయ్యి ఎత్తకుండా ఒకే విసురు, చివర అడుగు గీత. ఒక్క గీత ఉన్న అక్షరమైనా, ఇరవై గీతలున్నదైనా ఒకే కొలత గదిలో ఇమడాలట. ఇన్నేళ్లు అక్షరాల మీద బతికినవాడిని, అది విని చాలాసేపు ఆ కాగితమే చూస్తూ ఉండిపోయాను.

కొత్త లోగో ఆ కొలతతోనే చేశాను. వాళ్ల రాజముద్రల్లాంటి ఎర్ర చదరంలో, తెల్లగా, కాఫీ అని తెలుగులో. ఫీ మీది గుడిదీర్ఘం కొన కొంచెం పైకి సాగదీస్తే పొగలా వచ్చింది. కుర్రాడు ఒప్పుకున్నాడు.

ఇంకోమాట. కొందరు తెలుగు అక్షరాలకే కత్తిమొనల్లాంటి కొనలు పెట్టి చైనా స్టైల్ అంటున్నారు. తాటాకు మీద గంటం తిరిగిన గుండ్రటి అక్షరాన్ని అలా చెక్కితే చదవడానికే రాదు. దయచేసి మానండి.

చైనాలో వైద్యం చదివొచ్చిన పిల్లలు మన నెల్లూరులోనూ, ఒంగోలులోనూ ఉన్నారు. డిజైన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే నిమిషంలో చెబుతారు. దానికి డబ్బులు కూడా అక్కర్లేదు.

దించిన అక్షరాలు మా షాపులో గోడకు ఆనించి ఉన్నాయి. చైనా లోగో కావాలని ఎవరైనా వస్తే ముందు వాటిని చూపించి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను.

ఇట్లు,
ఒక బోర్డు ఆర్టిస్టు,
సంతపేట, నెల్లూరు