ఒకటో తరగతిలో స్మార్ట్ బోర్డు ఎందుకు తగ్గించామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో కింది తరగతుల పిల్లల అమ్మానాన్నలు చాలామంది ఇంచుమించు ఒకటే అడిగారు. "మేడం, మావాడు యూట్యూబ్‌లో రైమ్స్ చూసి ఇంగ్లీష్ పాటలు గడగడా పాడేస్తున్నాడు, మీరేమో అంత డబ్బు పెట్టి స్మార్ట్ బోర్డు కొని చిన్న క్లాసుల్లో ఆపేస్తున్నారు, ఏంటి సంగతి?" నిలబడి అయిదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదది, అందుకే ఈ నెల లేఖ మొత్తం దానికే కేటాయించాను. ఫీజు తేదీలు, ఆటల పోటీల ఫలితాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాం, అక్కడ చూసుకోండి.

పిల్లలు మాటని చెవితోనే వింటారని మనం అనుకుంటాం కదా. 1976లో ఇంగ్లండ్‌లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక వీడియో తయారు చేశారు. అందులో మనిషి నోరు 'గ గ' అంటూ ఉంటుంది, దానికి అతికించిన గొంతు మాత్రం 'బ బ' అంటుంది. చూసిన పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ వినిపించింది ఆ రెండూ కాదు, 'డ డ'! కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ' అనే వినపడుతుంది, తెరిస్తే 'డ'. ఇందులో కిటుకు ఏంటో ముందే చెప్పినా సరే, చెవి మోసపోతూనే ఉంటుంది. మెక్‌గర్క్ ఎఫెక్ట్ అని వెతికితే ఇలాంటి వీడియోలు బోలెడు దొరుకుతాయి, రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ చూడండి, భలే ఉంటుంది. ఇంకో సంగతి, ఈ ప్రభావం పిల్లల కంటే పెద్దవాళ్ళలోనే బలంగా కనిపించింది. అంటే కన్నూ చెవీ కలిపి మాట పట్టుకోవడం పుట్టుకతోనే పూర్తిగా వచ్చేసే విద్య కాదు, ఏళ్ళ తరబడి మనుషుల మొహాలు చూస్తూ చూస్తూ గట్టిపడేది.

పసిపిల్లలు ఈ పని ఎంత తొందరగా మొదలుపెడతారో చూడండి. నాలుగు నెలల బిడ్డ మాట్లాడేవాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. ఎనిమిది నెలలు వచ్చేసరికి, సరిగ్గా అత్త, తాత అని నోరు ఆడించే రోజుల్లో, చూపు నోటి మీదికి దిగుతుంది. ఏడాది నిండేసరికి ఇంట్లో మాట్లాడే భాషైతే చూపు మళ్ళీ కళ్ళవైపు వెళ్ళడం మొదలవుతుంది, తెలియని భాషైతే మాత్రం నోటినే పట్టుకుని ఉంటుంది. అమెరికాలో 2012లో వచ్చిన పరిశోధన ఇది. ఇప్పుడు మన ఒకటో తరగతి పిల్లవాణ్ణి తీసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీష్. ఇంగ్లీష్ వరకు వాడు ఇంకా ఆ ఏడాది బిడ్డే, వాడికి టీచర్ నోరు కనపడాలి.

రైమ్స్ వీడియోలో కనపడేది ఏంటి? ఒక ఏనుగు బొమ్మ, దాని నోరు మూసుకోవడం తెరుచుకోవడం తప్ప ఇంకేమీ చేయదు. ఏ అక్షరానికైనా అదే ఊపు. ఇంగ్లీష్‌లో బనియన్‌ని వెస్ట్ అంటారు, పడమరనీ వెస్ట్ అంటారు. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒక్కటే, మన చెవికీ ఒక్కటే. కానీ ఇంగ్లీష్ వాళ్ళ నోరు చూస్తే తేడా ఎదురుగా కనపడుతుంది: బనియన్‌కి పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి, పడమరకి పెదవులు సున్నాలా చుట్టుకుంటాయి. ఆ తేడా బొమ్మ ఏనుగు చూపించలేదు. పాట మొత్తం బట్టీ వచ్చేసినా అందులో ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మీవాణ్ణి ఒకసారి అడిగి చూడండి, చాలామంది పిల్లలకి అదంతా ఒకే పొడుగాటి మాట.

మరి బొమ్మ కాకుండా నిజం మనిషే వీడియోలో ఉంటే? దానికీ సమాధానం ఉంది. 2003లో సియాటిల్‌లో పట్రిషియా కూల్ బృందం, ఇంగ్లీష్ ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించింది. కొందరి దగ్గర చైనీస్ మాట్లాడే మనిషి కూర్చుని బొమ్మలతో ఆడించి, పుస్తకాలు చదివారు, మొత్తం 12 సార్లు. కొందరికి అదే మనుషుల్ని, అదే కబుర్లతో టీవీలో చూపించారు, ఇంకొందరికి గొంతు మాత్రం వినిపించారు. మనిషితో గడిపిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాని, పుట్టినప్పటి నుంచి అదే భాష వింటున్న తైవాన్ పిల్లల్లాగే గుర్తుపట్టారు. టీవీ పిల్లలకి, గొంతు విన్న పిల్లలకి ఒక్క ముక్క కూడా అబ్బలేదు. ఇది పసిపిల్లల మీద చేసింది, ఆరేళ్ళ పిల్లలకి ఉన్నదున్నట్టు వర్తిస్తుందని నేను అనను, పెద్ద పిల్లలు వీడియోల నుంచి కొత్త మాటలు నేర్చుకుంటారు కూడా. కానీ బిడ్డ వేలు చూపించిన వైపు చూసేది, తప్పు పలికితే ఆగేది, మళ్ళీ అనేది మనిషే, తెర కాదు. నా మటుకు నాకు ఆ ఒక్క కారణం చాలు.

చెవి సంగతికొస్తే, దానికి గడువుంటుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్ అనే ఆవిడ చేసిన పరిశోధన మనకి బాగా దగ్గరిది, ఎందుకంటే అందులో వాడింది హిందీలోని త, ట ల తేడా. ఇంగ్లీష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఈ రెండింటినీ చక్కగా వేరు చేశారు, ఏడాది దగ్గరపడేసరికి చాలామంది చేయలేకపోయారు. వినపడని తేడాని చెవి పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి ఇంట్లో తెలుగు అంతగా వినకుండా పెరిగిన అమెరికా మనవడు వీడియో కాల్‌లో 'టాటయ్యా' అంటే నవ్వకండి పాపం, వాడి తప్పేం లేదు. అలాగే ఇంగ్లీష్ రావాలని ఇంట్లో తెలుగు మానేస్తున్న వాళ్ళకీ ఇదే నా మనవి, మానకండి.

అయితే నోరు చూస్తే అన్ని తేడాలూ తెలియవు. ల, ళ తేడా పెదవుల మీద కనపడదు, నాలుక లోపలెక్కడో మడత పడుతుంది. న, ణ కూడా అంతే. 'కల' అన్నా 'కళ' అన్నా బయటికి నోరు ఒకేలా ఉంటుంది. ఇక్కడ కంటికి సాయం వచ్చేది అక్షరమే. అక్షరం చూడటం అలవాటయ్యాక చెవి కూడా పదునెక్కుతుంది. పోర్చుగల్‌లో 1979లో జోసె మొరైస్ బృందం చదువు రాని పెద్దవాళ్ళని పరీక్షిస్తే, మాటలోంచి మొదటి ధ్వనిని తీసేసి మిగిలింది చెప్పడం వాళ్ళకి చాలా కష్టమైంది, పెద్దయ్యాక చదవడం నేర్చుకున్న అలాంటి కుటుంబాల వాళ్ళే ఎంతో బాగా చెప్పారు. అందుకే మన బడిలో పలక, బలపం ఇంకా ఉన్నాయి. మ, య; ప, ష; ద, ధ, థ; వీటిని తెర మీద చూసి వదిలేస్తే పిల్లలు తికమక పడతారు, పైకి పలుకుతూ చేత్తో దిద్దితే నిలబడతాయి. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి, పైకి అనిపిస్తూ దిద్దించడంలో కన్నూ చెవీ చెయ్యీ మూడూ ఉన్నాయి. పాపం ఆ పళ్ళేన్ని ఒక్క రోజు ఫోటోతో సరిపెట్టేస్తున్నాం.

ఇక గోల. న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే వంతెన మీద రైళ్ళు వెళ్ళేవి. పట్టాల వైపు గదుల్లో కూర్చున్న పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారని, ఆరో తరగతికి ఆ తేడా దాదాపు ఏడాది చదువంత ఉందని ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో చూపించింది. తర్వాత పట్టాల కింద రబ్బరు వేసి, గదుల పైకప్పులకి శబ్దం పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయింది. బడీ గదులూ అవే, తగ్గింది చప్పుడు. పెద్దవాళ్ళం సగం మాట వినపడినా మిగతాది ఊహించి పూరించుకుంటాం, ఇప్పుడిప్పుడే భాష నేర్చుకునే పిల్లకి అది చేతకాదు. అందుకే ఎల్‌కేజీ, ఒకటో తరగతి గదుల్ని రోడ్డు వైపు నుంచి వెనక బ్లాకులోకి మార్చాం. గడగడలాడే ఫ్యాన్లకి మరమ్మతు చేయించాం. టీచర్లకి కూడా బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడొద్దని, రాయడం అయ్యాక పిల్లల వైపు తిరిగి చెప్పమని అన్నాం.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. రాత్రిపూట ఒక పది నిమిషాలు పిల్లకి ఎదురుగా కూర్చుని, వేలు పెట్టి ఏదైనా చదవండి, తెలుగైనా పర్లేదు, మీ ఇంగ్లీష్ బాగోదని టెన్షన్ పడొద్దు. నానమ్మకి చదవడం రాకపోతే కథ చెప్పినా చాలు. ఆ పది నిమిషాలూ సీరియల్ ఆపేయండి, మ్యూట్ కాదు, ఆపేయండి. అయిదేళ్ళ లోపు తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఉంటే, రెండేళ్ళు నిండేదాకా, ఎప్పుడైనా చుట్టాలతో వీడియో కాల్ తప్ప, ఫోన్, టీవీ అసలు వద్దని, ఆ తర్వాత అయిదేళ్ళ వరకు రోజుకి గంట దాటొద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. కాస్త పెద్ద పిల్లలు టీవీ చూస్తే మాత్రం తెలుగు పాటకి తెలుగు అక్షరాలే కింద పడేలా పెట్టండి. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి ఈ ఆలోచనతోనే 1990ల చివర్లో గుజరాత్ దూరదర్శన్‌లో సినిమా పాటల కింద గుజరాతీ అక్షరాలు వేయించారు, పాట వింటూ తెలియకుండానే చదివేస్తారని.

మాటిమాటికీ "ఆఁ? ఏంటీ?" అనే పిల్లలు, టీవీ సౌండ్ పెంచేవాళ్ళు, తరచూ జలుబు చేసి చెవి పోటు అనేవాళ్ళు, బోర్డు వదిలేసి పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకునేవాళ్ళు ఉంటే, అల్లరి అని తిట్టేముందు చెవి, కన్ను పరీక్ష చేయించండి. క్లాస్ టీచర్‌కి చెబితే ముందు బెంచీలో కూర్చోబెడతారు. స్మార్ట్ బోర్డు నాలుగో తరగతి నుంచి ఎప్పట్లాగే వాడుతున్నాం, సైన్సుకి అది చాలా పనికొస్తుంది. ఒకటో తరగతి క్లాసు ఎలా జరుగుతోందో చూడాలనుకునేవాళ్ళు వచ్చే శనివారం ఉదయం రండి, వెనక బెంచీలు ఖాళీగా ఉంచుతాం, ఫోన్లు మాత్రం ఆఫీసులో ఇచ్చి రావాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు