ఐ5 అని రాస్తే సరిపోదు, బోర్డు చిప్‌సెట్ కూడా రాయాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మన పేపర్ జిల్లా పేజీల్లో "ఐ5 కంప్యూటర్, కొత్త బోర్డు, వారంటీ ఉంది" అని చిన్న చిన్న యాడ్స్ వస్తుంటాయి కదండీ, వాటి గురించే ఈ ఉత్తరం. మా అమ్మాయి బీటెక్‌లో చేరిందని అలాంటి యాడ్ చూసే మా ఊళ్ళో ఒక షాపులో 16 వేలు పెట్టి అసెంబుల్డ్ సిస్టం కొన్నాను, మదర్‌బోర్డు డబ్బా సీలు నా ముందే విప్పి బిగించారు, ఇంకేం అంతా కొత్తదే అని నమ్మేశా.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చి విండోస్ 11 ఎక్కిద్దామని చూస్తే ఎక్కలేదు. సైడు మూత తీసి సెల్లు లైటు వేసి "మావయ్యా ఇదిగో చూడు, హెచ్61 అని ఉంది, దీని పక్కన ఒక్క సున్నా ఉండుంటే ఇంత బాధ లేకపోను" అన్నాడు. హెచ్61 వేరు హెచ్610 వేరు అని నాకు అప్పటిదాకా తెలీదండీ. హెచ్61 ఇంటెల్ వాళ్ళు 2011లో తెచ్చిన చిప్‌సెట్ (బోర్డు మీద ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో తేల్చే చిప్పు అన్నమాట), హెచ్610 వచ్చింది 2022లో. ఆ పాత చిప్‌సెట్ వేసి ఇప్పటికీ కొత్త బోర్డులు చేసి అమ్ముతున్నారు, అంటే డబ్బా కొత్తదే, లోపల సరుకు పాతది.

మాకు వేసిన ఐ5-3470 ప్రాసెసర్ 2012 నాటిది, అంటే ఇంటెల్ మూడో జనరేషన్. విండోస్ 11కి మామూలుగా ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలి, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పోనీ ప్రాసెసర్ ఒక్కటీ మారుద్దామంటే ఈ సాకెట్ 1155 పిన్నులది, రెండో మూడో జనరేషన్ తప్ప వేరేవి కూర్చోవు. ర్యామ్ డీడీఆర్3 అనే పాత రకం, అది కూడా కొత్త బోర్డుకి పనికిరాదు. ఎస్ఎస్‌డీ వేసినా దాన్ని బోర్డుకి కలిపే సాటా కనెక్షన్ స్పీడు 3 జీబీపీఎస్ దగ్గరే ఆగుతుంది, ఇప్పటి బోర్డుల్లో 6. ఇంకొంత డబ్బు సర్దుకుని హెచ్610 బోర్డు తీసుకుని ఐ3-12100 వేయించుకున్నా ఈ ఐ5 కంటే చాలా ఫాస్ట్‌గా ఉండేది, రేపు అవసరమైతే అదే బోర్డులో 13, 14 జనరేషన్ ప్రాసెసర్ కూడా వేసుకోవచ్చు (ఒక్కోసారి బోర్డులో ఉండే బయాస్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యాలంట, అంతే). నాలుగు ర్యామ్ స్లాట్లు కావాలనుకునేవాళ్ళు బీ760 చిప్‌సెట్ బోర్డు చూసుకోవచ్చు, జెడ్790 బోర్డు ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (మామూలు కంటే ఎక్కువ స్పీడుతో నడపడం) చేసేవాళ్ళకి, చదువుకునే పిల్లలకి దానిమీద డబ్బు పొయ్యక్కర్లేదు.

నా బిల్లు మీద "ఐ5 సిస్టం 1" అని తప్ప ఇంకేం లేదు, దాన్ని పట్టుకుని ఎవర్ని అడగను? అందుకే మీకు నా మనవి ఏంటంటే, కంప్యూటర్ యాడ్ తీసుకునేటప్పుడు ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు చిప్‌సెట్ పేరు రెండూ రాయమని షాపులవాళ్ళని అడగండి, ఇంజనీరింగ్ అడ్మిషన్లు మొదలయ్యేలోపు దీనిమీద ఒక అరపేజీ అయినా వెయ్యండి, నాలాంటి తండ్రులు చాలామంది ఆ టైములోనే షాపులకి వెళ్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి